అటక దిగిన జింటీ: పాత ట్రయాంగ్ బొమ్మ రైలు, దానికి బెజవాడలో దొరికే సామాను

బ్రిటన్‌లోని ట్రయాంగ్ కంపెనీ చేసిన 1960ల నాటి బొమ్మ రైలింజిన్ జింటీ నలభై ఏళ్లు అటక మీద పడున్నా మళ్లీ నడుస్తుంది. చాలాసార్లు కొత్త విడిభాగం ఒక్కటీ అక్కర్లేదు. అది చెడిపోయేది ఎక్కువగా కిందికి దించిన మొదటి పది నిమిషాల్లోనే. పెట్టె విప్పగానే పట్టాలు పేర్చేసి, కరెంటు పెట్టేసి, బండి కదలకపోతే నాబ్ చివరిదాకా తిప్పుతారు. లోపల గ్రీజు ఎండి బిగుసుకున్న మోటారు తిరగలేదు, కరెంటు మాత్రం తాగుతూనే ఉంటుంది. మోటారులో తిరిగే తీగచుట్టల భాగమే ఆర్మేచర్. ఆ తీగ మీది పూత కాలిందంటే ఇక అది పనికిరాదు. కాబట్టి మొదటిరోజు కరెంటు జోలికి పోవద్దు. ఈ సమీక్షలో ఇంజిన్ గురించి ఎంత ఉందో, దాన్ని లేపడానికి విజయవాడ, గుంటూరు కొట్లలో ఏం కొనాలి, ఏం కొనకూడదు అన్నదీ అంతే ఉంది.

ముందు బండి సంగతి. బ్రిటన్‌లో ఎల్ఎంఎస్ రైల్వే 1924 నుంచి 1931 దాకా 422 చిన్న షంటింగ్ ఇంజిన్లు కట్టించింది. ఆరు చక్రాలు, పక్కన నీళ్ల ట్యాంకులు. వాటి ముద్దుపేరే జింటీ. ట్రయాంగ్ వాళ్లు దాన్ని ఓఓ సైజులో, అంటే అడుగుకి 4 మిల్లీమీటర్ల లెక్కన చేశారు. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ., మోటారు 12 వోల్టుల డీసీ. పెట్టె మీది పేరు చూస్తే కాలం తెలుస్తుంది: ‘ట్రయాంగ్ రైల్వేస్’ అని ఉంటే 1965కి ముందుది, ‘ట్రయాంగ్ హార్న్‌బీ’ అంటే 1965 తర్వాతది, ‘హార్న్‌బీ రైల్వేస్’ అంటే 1972 నుంచి వచ్చింది. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకుని వచ్చిన మేనమామలు, బాబాయిలు తెచ్చిన సెట్లలో ఈ మూడు రకాలూ కనిపిస్తాయి.

దీనికి మంచి మార్కులు వేయడానికి కారణం ఎక్స్04 అనే మోటారు. డబ్బాలో మూసేసిన మోటారు కాదది. ఆర్మేచర్, దానికి కరెంటు అందించే రాగి రేకుల కమ్యుటేటర్, ఆ రేకులకి ఆనుకునే కార్బన్ బ్రష్‌లు, అయస్కాంతం అన్నీ కంటికి కనిపిస్తూ, స్క్రూడ్రైవర్‌కి అందుతూ ఉంటాయి. తర్వాతి కాలం చవకరకం ఇంజిన్లలో మూసిన మోటార్లు వచ్చాయి. అవి పోతే మొత్తం మార్చాల్సిందే. 1970ల నుంచి హార్న్‌బీ వాడిన రింగ్‌ఫీల్డ్ మోటారు కూడా మంచిదేగానీ, అది విప్పడానికి ఓపిక ఎక్కువ కావాలి. మొదటిసారి చేతులు పెట్టేవాళ్లకి ఎక్స్04నే నమ్మకమైనది.

మన అటకలు చేసే నష్టం

రోహిణి కార్తెలో శ్లాబు కింద అటక మీద ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ వేడికి నూనెలోని పలచటి భాగం ఎగిరిపోయి, మిగిలింది తేనెరంగు బంకలా గట్టిపడుతుంది. వానాకాలం వచ్చేసరికి అదే చోట చెమ్మ. ఆ చెమ్మకి ఇత్తడి, రాగి భాగాల మీద పచ్చటి చిలుము, ఉక్కు పట్టాల మీద తుప్పు. డబ్బాకి చుట్టిన రబ్బరు బ్యాండు కరిగి ప్లాస్టిక్‌కి అతుక్కుపోతుంది. దాన్ని గోటితో గీకకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో నాననిచ్చి మెల్లగా దొర్లిస్తూ తీయాలి.

అన్నిటికన్నా పెద్ద శత్రువు కలరా ఉండలు. పురుగు పట్టకూడదని పెట్టెలో నాలుగు వేసి మూసేస్తారు. జింటీ బాడీ పాలిస్టైరీన్ ప్లాస్టిక్. నాఫ్తలీన్ ఆవిరి దాన్ని మెత్తబరుస్తుంది. ఉండ తగిలిన చోట గుంట పడి, చుట్టూ మెరుపు పోయి జిగటగా అవుతుంది. ఆ మచ్చకి మందు లేదు. ఉండలు తీసేసి, నీడలో గాలి తగిలేచోట వారం పాటు ఉంచితే అంతకంటే ముదరకుండా ఆగుతుంది. ముట్టుకుంటే వేలిముద్ర పడేంత మెత్తగా ఉంటే ఆ వారం అసలు చెయ్యి పెట్టొద్దు.

మరీ తొలినాటి ట్రయాంగ్ బళ్ల బాడీలు సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేశారు. అవి కాలంతో పాటు వంకర తిరుగుతాయి, వేడిచేసి సరిచేయబోతే ఇంకా పాడవుతాయి. ఇక చట్రాల సంగతి: పోతపోసిన లోహంలో మలినాలు ఉంటే వేళ్లతో నలిపితే రాలేలా చిట్లుతాయి. చట్రం మీద సన్నటి పగుళ్లు గీతల్లా అల్లుకుని కనిపిస్తే ఆ ఇంజిన్ అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే.

విప్పడం, కడగడం

తెల్లటి పాత పంచె ముక్క ఒకటి బల్ల మీద పరిచి దాని మీద పని చేయండి. జారిపడ్డ స్క్రూ నేల మీది గచ్చులో కనపడదు, పంచె మీద కనపడుతుంది. గడియారాల రిపేరు స్క్రూడ్రైవర్ల సెట్టు, సన్నమొన పట్టకారు, దూది పుల్లలు, కొబ్బరి చీపురు పుల్లలు నాలుగు, మల్టీమీటర్ ఒకటి. మామూలు మల్టీమీటర్ ఐదొందల లోపే వస్తుంది, అంతకన్నా ఖరీదైనది ఈ పనికి అనవసరం.

బాడీని పట్టే స్క్రూ తీశాక కూడా ఊడిరాకపోతే లాగకండి, ఎక్కడో కొక్కెం పట్టి ఉంటుంది. బాడీ విడిగా వచ్చాక గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టొద్దు. నంబర్లు, అక్షరాలు ఉన్నచోట రుద్దొద్దు, స్పిరిట్ అసలే తగలనివ్వొద్దు, అచ్చు లేచిపోతుంది. పెట్రోలు, థిన్నర్, గోళ్లరంగు తీసే అసిటోన్ లాంటివి ఈ ప్లాస్టిక్‌ని కరిగించేస్తాయి, అవి బల్ల దగ్గర కూడా ఉండకూడదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది: చక్రాన్ని వేలితో తిప్పి చూడటం. ఈ ఇంజిన్‌లో మోటారు ఇరుసు మీద స్క్రూ మరలా మెలితిరిగిన వార్మ్ గేరు ఉంటుంది, అది చక్రాల ఇరుసు మీది పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మోటారు చక్రాన్ని తిప్పగలదుగానీ చక్రం మోటారుని తిప్పలేదు. బలవంతం చేస్తే పళ్లు అరిగిపోతాయి. తిప్పాల్సింది ఆర్మేచర్‌ని, అదీ బ్రష్‌ల వెనక నుంచి వేలికొనతో. కదలకపోతే రెండు బేరింగుల దగ్గరా ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి చాలావరకు సడలుతుంది.

తర్వాత మోటారుని చట్రానికి పట్టే స్క్రూ తీసి మోటారుని పైకెత్తాలి. ఇప్పుడు చట్రం ఒక్కటే చేతిలో ఉంటుంది. అద్దం ముక్క మీద పెట్టి వేలితో నెట్టి చూడండి. ఆరు చక్రాలూ గలగలా దొర్లాలి. ప్రతి చుట్టులో ఒకేచోట పట్టేస్తుంటే చక్రాల్ని కలిపే పక్క కడ్డీ వంగిందనో, ఒక చక్రం ఇరుసు మీద తిరిగి స్థానం తప్పిందనో అర్థం. చక్రాల ఇరుసులకి చుట్టుకున్న జుట్టు, దారం, కార్పెట్ పోగులు పట్టకారుతో లాగేయండి. పాత బళ్లలో ఇవి గడ్డిపోచలంత మందంగా దొరుకుతాయి.

మోటారులో శుభ్రం చేయాల్సింది ముఖ్యంగా కమ్యుటేటర్. మూడు రాగి రేకులు, వాటి మధ్య మూడు సన్నటి సందులు. కార్బన్ పొడీ నూనే కలిసి ఆ సందుల్లో నల్లగా కూరుకుపోతాయి. అప్పుడు ఒక రేకు నుంచి పక్క రేకుకి కరెంటు దొంగదారిన పోతుంది; మోటారు వేడెక్కుతుంది, తడబడుతుంది. చీపురు పుల్ల కొసని ఉలిలా చెక్కి ఆ సందుల్లోంచి మకిలి గీకేయండి. సూదితో గీకితే రాగి లేచి సందుకి అడ్డం పడుతుంది. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది పుల్లని కమ్యుటేటర్‌కి ఆనించి, ఆర్మేచర్‌ని వేలితో తిప్పండి. దూది నల్లబడటం ఆగేదాకా పుల్లలు మారుస్తూ ఉండాలి. చివరికి రాగి లేతరంగులో మెరుస్తుంది. ఆర్మేచర్‌ని ఆల్కహాల్‌లో ముంచకూడదు, తీగ మీది పాత వార్నిష్ మెత్తబడే ప్రమాదముంది.

బ్రష్‌ల మీద వెంట్రుకపిన్ను ఆకారపు స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాని రెండు కాళ్లూ రెండు బ్రష్‌లని నొక్కుతాయి. ఒక కాలికి సన్నటి తొడుగు ఉండి తీరాలి. ఒక బ్రష్ చట్రానికి కలిసి ఉంటుంది, రెండోది చక్రాల నుంచి వైరు వచ్చే బ్రష్. తొడుగు ఈ రెండోదాని వైపు ఉండాలి. అది ఎండి పగిలి రాలిపోయి ఉంటే స్ప్రింగు గుండానే పూర్తి షార్టు. పెట్టిన కరెంటంతా అందులోనే పోతుంది, మోటారు చలించదు. కాలిపోయిందని పక్కన పడేసే మోటార్లలో ఈ తొడుగు ఊడినవి కొన్ని కచ్చితంగా ఉంటాయి. సన్నటి వైరు పైతొక్క ఐదారు మిల్లీమీటర్లు వలిచి తొడిగితే సరిపోతుంది.

అయస్కాంతాన్ని మాత్రం విప్పొద్దు. దాన్ని ఇనుప దిమ్మల మధ్య నుంచి బయటికి తీస్తే బలం తగ్గిపోతుంది. తీయక తప్పకపోతే ముందు దాని రెండు కొసలకీ ఇనుప ముక్క అడ్డంగా అంటించి అప్పుడు జరపాలి. బలం తగ్గిన మోటారు గుర్తు: ఖాళీగా ఉన్నప్పుడు వేగంగా తిరుగుతుంది, త్వరగా వేడెక్కుతుంది, రెండు పెట్టెలు తగిలిస్తే మాత్రం లాగదు.

ఇప్పుడు మల్టీమీటర్. బ్రష్‌లు పక్కకి జరిపి, కమ్యుటేటర్ రేకుల్ని రెండేసి చొప్పున మూడు జతలుగా కొలవండి. అంకె ఎంతన్నది పెద్ద విషయం కాదు, మూడూ దాదాపు ఒక్కలాగే ఉండాలి. ఒకటి తేడా వస్తే ఒక చుట్ట తెగిందనో లోపల కలిసిపోయిందనో. ఏ రేకు నుంచీ ఇరుసుకి కరెంటు దారి ఉండకూడదు. కొన్ని ఇంజిన్లలో పాత టీవీల్లో గరగర రాకుండా చిన్న కెపాసిటర్ పెట్టేవాళ్లు. అది చెడి షార్టయితే అంతా బాగున్నా బండి నడవదు. అనుమానం వస్తే ఒక కాలు విడదీసి మళ్లీ చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నాక, మొదటి కరెంటు 9 వోల్టుల చదరపు బ్యాటరీ నుంచి ఇవ్వండి. మోటారు ఒక్కటే, చట్రం లేకుండా. తిరిగిందా, అప్పుడు 12 వోల్టులు. ఆరోగ్యంగా ఉన్న ఎక్స్04 ఖాళీగా పావు ఆంపియర్ చుట్టుపక్కల తీసుకుంటుంది. అర ఆంపియర్ దాటి చూపిస్తే ఎక్కడో బిగువో, మురికో, అయస్కాంతం నీరసమో ఉన్నట్టు. మళ్లీ విప్పడం మంచిది.

ఏ సీసా కొనాలి

ఐసోప్రొపైల్ ఆల్కహాల్: దీనికి పూర్తి మార్కులు. గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు సందుల్లోని ఎలక్ట్రానిక్స్ కొట్లలో, సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మేచోట్ల “అన్నా, ఐపీఏ ఉందా, 99 శాతంది?” అని అడగండి. వంద మిల్లీలీటర్ల సీసాతో ఇంజిను, పెట్టెలు, పట్టాలు అన్నీ అయిపోయి ఇంకా మిగులుతుంది. దానికి బదులు చేతుల శానిటైజర్ వాడితే అందులోని గ్లిజరిన్ పట్టాల మీద జిడ్డుపొరగా మిగిలిపోతుంది. స్టవ్వుకీ దీపానికీ దూరంగా, కిటికీ తీసుకుని వాడాలి.

కుట్టుమిషను నూనె: వన్‌టౌన్‌లోనైనా, గుంటూరు పట్నంబజారులోనైనా కుట్టుమిషన్ల కొట్లలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దొరికే తెల్లనూనె చాలు. పలచగా ఉంటుంది, గడ్డకట్టదు. డబ్బా ముక్కుతో నేరుగా వేయొద్దు, ఎక్కువ పడుతుంది. సూదిమొనకి అంటించి ఒక్క చుక్క. మోటారు బేరింగు పక్కన చిన్న ఉన్నిముక్క ఉంటే దానికి చుక్క, ఇరుసులకి తలా చుక్క, పక్క కడ్డీల కీళ్లకి సగం చుక్క. కమ్యుటేటర్ మీద పడితే మళ్లీ తుడవాల్సిందే. నూనె తక్కువైతే ఇంకో చుక్క వేసుకోవచ్చుగానీ, ఎక్కువైతే మొత్తం విప్పి కడగాలి.

కొబ్బరినూనె: వద్దు. ఇంట్లో చేతికి అందేది అదే కాబట్టి చాలామంది అదే వేస్తారు. ధనుర్మాసం చలికి గడ్డకడుతుంది, కొన్ని నెలలకి బంకగా మారుతుంది. ఆముదం సంగతి ఇంకా ఘోరం.

డబ్ల్యూడీ-40: తుప్పు పట్టిన స్క్రూ సడలడానికి బాగుంటుంది. అంతవరకే. మోటారులోకి చిమ్మితే పలచటి పొర మిగిలి దుమ్ముని పట్టుకుంటుంది, కమ్యుటేటర్ మీది కార్బన్‌ని ముద్ద చేస్తుంది. వాడాలంటే పుల్లకి అంటించి స్క్రూ దగ్గరే. సీఆర్‌సీ 2-26 కరెంటు భాగాల కోసమే చేసిన స్ప్రే కాబట్టి కాంటాక్టుల మీద చిలుము వదలగొట్టడానికి నయం. అదీ గుడ్డకి కొట్టి, గుడ్డతో తుడవాలి.

గ్రీజు: వార్మ్ గేరు పళ్లకి మాత్రమే, ఆవగింజంత. ప్రింటర్ల రిపేరుకి వాడే తెల్ల సిలికాన్ గ్రీజు అడగండి. బైకు బేరింగుల గ్రీజు మందం, మోటారు దాన్ని లాగలేదు.

కరెంటు ఎక్కడి నుంచి

సెట్‌తో వచ్చిన పాత కంట్రోలర్‌ని వాడొద్దు. పనిచేసినా సరే. యాభై ఏళ్ల రబ్బరు వైరు వంచితే పొడిగా రాలుతుంది, లోపల 230 వోల్టులు. ఆ కాలం వాటిలో ఏసీని డీసీగా మార్చే సెలీనియం రెక్టిఫయర్లు ఉంటాయి. అవి కాలితే వచ్చే పొగ విషం. అందంగా ఉంది కాబట్టి షెల్ఫులో పెట్టుకోండి.

అమెరికా నుంచి వచ్చిన బాక్‌మన్ లాంటి సెట్లకి ఇంకో ప్రమాదం ఉంది. వాటి పవర్‌ప్యాక్ 120 వోల్టులది. మన గోడలో 230. ప్లగ్గు పట్టడానికి కొనే ట్రావెల్ అడాప్టర్ పిన్నులు మారుస్తుందేగానీ వోల్టేజి మార్చదు. నిమిషాల్లో లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఇంజిన్ మాత్రం 12 వోల్టుల డీసీదే కాబట్టి, దానికీ కింద చెప్పిన ఏర్పాటే సరిపోతుంది. మూడు పట్టాల పాత లయనెల్ సెట్లు ఏసీ మీద నడిచేవి, ఈ లెక్క వాటికి వర్తించదు.

ఏర్పాటు ఇది. సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్, ఐదొందల లోపే. దాని తర్వాత డీసీ మోటార్ స్పీడ్ కంట్రోలర్ అనే చిన్న బోర్డు, నాబ్‌తో సహా వస్తుంది. ముందుకీ వెనక్కీ నడవడానికి ఆరు కాళ్ల రెండువైపుల స్విచ్చి, మధ్యలో ఆఫ్ ఉన్నది అడగండి. ఎదురుమూలల కాళ్లని అడ్డదిడ్డంగా కలిపితే పట్టాలకి పోయే ధన, రుణాలు తారుమారవుతాయి. బండి పరుగులో ఉండగా స్విచ్చి వేయొద్దు, ముందు నాబ్ సున్నాకి తేవాలి.

వీటన్నిటికన్నా విలువైన భాగం ఆటోనగర్‌లో ఏ ఆటో ఎలక్ట్రికల్ కొట్లోనైనా దొరికే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు. దాన్ని పట్టాలకి వెళ్లే ఒక వైరులో వరుసగా కలపండి. బండి మామూలుగా నడుస్తున్నంతసేపూ బల్బు వెలగదు, వెలిగినా కళ్లు చిట్లించి చూడాలి. పట్టాలు తప్పి ఎక్కడైనా షార్టయితే బల్బు భగ్గున వెలుగుతుంది, కరెంటు 1.75 ఆంపియర్లు దాటదు. అడాప్టరూ బతుకుతుంది, ఇంజిన్‌లోని సన్నటి వైరూ బతుకుతుంది. మొట్టమొదటిసారి పట్టాల మీద నడిపేటప్పుడు 21కి బదులు 5 వాట్ల బల్బు పెడితే ఇంకా భద్రం. బండి కొంచెం నెమ్మదిగా పోతుంది, అంతే.

ఈ స్పీడ్ బోర్డులకి ఒక లోపముంది: నెమ్మదిగా నడిపేటప్పుడు మోటారు సన్నగా ఝుంయ్ మంటుంది. ఎక్స్04కి దానివల్ల హాని లేదు. కొత్త తరం కోర్‌లెస్ (ఆర్మేచర్‌లో ఇనుప దిమ్మ లేని) మోటార్ల ఇంజిన్లని మాత్రం ఈ బోర్డు మీద పెట్టొద్దు, వేడెక్కి పోతాయి.

పట్టాలు

ఇంజిన్ బాగైనా సగం ఫిర్యాదులు పట్టాల దగ్గరే మొదలవుతాయి. పాత ట్రయాంగ్ పట్టాలు ఉక్కువి, తర్వాతివి నికెల్ సిల్వర్. అయస్కాంతం అంటించి చూస్తే తేడా తెలుస్తుంది. నికెల్ సిల్వర్ అయితే ఐపీఏ గుడ్డతో తుడిస్తే చాలు. ఉక్కు మీద పలచటి తుప్పుకి వంటింటి పచ్చ పీచుతో మెల్లగా రుద్ది, తర్వాత ఐపీఏ. గరుకు ఎమెరీ కాగితం వాడితే గీతలు పడి మురికి వాటిలో కూర్చుంటుంది. స్టీలు పీచు అసలే వద్దు: దాని నుంచి రాలే నూగు నేరుగా మోటారు అయస్కాంతానికి అతుక్కుని ఆర్మేచర్ సందులో చేరుతుంది.

తుప్పు గుంటలు పడేంత ముదిరితే ఆ పట్టాలు వదిలేసి కొత్త కోడ్ 100 పట్టాలు తీసుకోండి (కోడ్ అంటే పట్టా ఎత్తు లెక్క). కోడ్ 75 అనే సన్నరకం వద్దు. పాత ట్రయాంగ్ చక్రాల అంచులు లోతైనవి, స్లీపర్ల మీద పట్టా పట్టుకునే మేకులకి టకటకా తగులుతాయి. కొత్త పట్టాల పాయింట్ల మీద, అంటే దారి చీలేచోట కూడా పాత చక్రాలు ఎగరొచ్చు. ఇప్పటి చక్రాల లోపలి అంచుల మధ్య దూరం సుమారు 14.5 మి.మీ., పాతవాటికి అంతకన్నా తక్కువ. ఒకటి తెలుసుకోవాలి: ట్రయాంగ్ కొన్ని ఇంజిన్లలో అయస్కాంతం పట్టాల్ని పట్టుకుని జారకుండా చేసే ఏర్పాటు పెట్టింది. అది ఉక్కు పట్టాల మీదే పనిచేస్తుంది. నికెల్ సిల్వర్‌కి మారిస్తే అదే ఇంజిన్ మునుపటికన్నా రెండు పెట్టెలు తక్కువ లాగినా మోటారుని అనుమానించొద్దు.

బల్ల కొలత ముందే చూసుకోండి. మలుపు పట్టాల్లో మొదటి వలయం వ్యాసార్థం 371 మి.మీ., రెండోది 438, మూడోది 505. నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద మూడో వలయం దాకా హాయిగా పడుతుంది. ఎండీఎఫ్ చెక్క వానాకాలం ఉబ్బి అతుకులు లేస్తాయి, 12 మి.మీ. ప్లైవుడ్డే మేలు. దూరపు మలుపులో బండి నీరసిస్తే అది పట్టాల్ని కలిపే రేకుల్లో చిలుము. బల్లకి అవతలి వైపు కూడా ఒక జత వైర్లు సోల్డర్ చేయండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, పట్టా బయటి పక్క, రెండు పక్కలా తడి దూది. తడి దూది లేకపోతే స్లీపర్లు కరుగుతాయి.

అన్నీ కలిపాక పెట్టెలు లేకుండా ఇంజిన్ ఒక్కదాన్నే సగం వేగంలో ముందుకి అరగంట, వెనక్కి అరగంట నడపండి. మధ్యలో ఆపి మోటారు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉండాలి, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు. బ్రష్‌ల దగ్గర చిన్న నీలి మెరుపు మామూలే. పసుపురంగులో చిమ్ముతుంటే కమ్యుటేటర్ మళ్లీ తుడవాలి.

రిపేరుకి ఇవ్వాలా

స్వయంగా చేసుకోవడమే మంచిది. కానీ చేతులు వణికేవాళ్లు, కంటిచూపు అందనివాళ్లు ఉంటారు కాబట్టి ఎవరికి ఇవ్వాలో, ఎవరికి వద్దో చెప్పాలి. మిక్సీలు, పంపుసెట్ల మోటార్లు చుట్టే షాపుకి ఆర్మేచర్ ఇవ్వొద్దు. వాళ్ల పని గొప్పదే, కానీ ఈ తీగ మందం వాళ్ల రోజువారీ లెక్కలో ఉండదు. మందపు తీగతో చుడితే కరెంటు ఎక్కువ లాగుతుంది. చేతి గడియారాలు బాగుచేసే పెద్దాయన దొరికితే ఈ స్క్రూలూ స్ప్రింగులూ ఆయన కంటికి పెద్దవే. సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు సోల్డరింగు చక్కగా చేస్తాడు. వంగిన ఇరుసుకి ఆటోనగర్ లేత్ పనివాళ్లు సరిపోతారు, కొలత మాత్రం రాసివ్వాలి. వాళ్లకి ఇచ్చేముందు స్ప్రింగు తొడుగు గురించీ, అయస్కాంతం విప్పొద్దన్న సంగతీ కాగితం మీద రాసి డబ్బాకి అంటించండి.

బ్రష్‌లు, స్ప్రింగులు, రబ్బరు టైర్లు, కొత్త నియోడైమియం అయస్కాంతాలు ఈ ఇంజిన్లకి ఇప్పటికీ బ్రిటన్‌లో అమ్ముడవుతున్నాయి. చిన్న కవర్లో వచ్చేస్తాయి, పోస్టేజి మాత్రం సామానుకన్నా ఎక్కువ పడొచ్చు. అందుకే రెండు జతల బ్రష్‌లూ రెండు స్ప్రింగులూ ఒకేసారి తెప్పించుకోండి.

పాతది ఎవరిదగ్గరైనా కొంటుంటే “నడుస్తుంది” అన్న మాటకన్నా మూడు ఫోటోలు అడగండి: బాడీ తీసిన మోటారుది, చట్రం అడుగుది, పెట్టె లోపలి మూలలది. చట్రం మీద పగుళ్లుంటే వదిలేయండి. వైండింగ్ ఒక చుట్ట మిగతా రెండింటికన్నా నల్లగా ఉంటే ధర సగానికి అడగండి. పెట్టె మూలల్లో తెల్లటి ఉండలో, వాటి పొడో కనిపిస్తే బాడీ ఫోటో వెలుతురులో మళ్లీ తీయమనండి. ఇంటికి తెచ్చాక దాన్ని అటకెక్కించకుండా బీరువా నడిమి అరలో, జిప్పు కవర్లో, రెండు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. రెండు నెలలకోసారి పది నిమిషాలు నడిపితే నూనె కదులుతూ ఉంటుంది.